ఒక్క తప్పూ లేని పేపరు

మేడమీదావిడ అందట, "తండ్రేమో బళ్లో లెక్కలు నేర్పుతాడు, కూతురేమో గేటు దగ్గర పాచికలాట నేర్పుతుంది" అని.

అంతటితో ఊరుకుంటే ఆవిడ మేడమీదావిడ ఎందుకవుతుంది? పరీక్ష రోజు పొద్దున్న మాస్టారి కూతురు క్లాసు పిల్లలందర్నీ చుట్టూ చేర్చుకుని, కళ్లు మూసుకోండి, వేలు ఎక్కడ పడితే ఆ గుండ్రం నింపేయండి అని చెప్పిందట. ఆ మాట పట్టుకుని వీళ్లబ్బాయి పేపరంతా నింపేసి వచ్చాడట. "ఒక్కటి కూడా వదల్లేదమ్మా" అని వాడు రొమ్ము విరుచుకుని చెబుతుంటే ఈవిడ గుండె జారి అరికాలిలో పడిందట. ఆ గుండె ఇంకా పైకి రాలేదట.

ఇదంతా ఆవిడ మెట్ల మీద నిలబడి ఫోనులో ఎవరికో చెబుతుంటే మాస్టారి పెద్దాడి చెవిన పడింది. పెద్దాడు పార్సిలు బండి నడుపుతాడు. పైవాటాకి వచ్చిన అట్టపెట్టె ఇచ్చి రావడానికి వెళ్లాడు. పెట్టె ఇచ్చాడు గానీ చీటీ మీద ఆవిడ సంతకం పెట్టించుకోవడం మర్చిపోయి, ఈ కబురు మాత్రం భద్రంగా మోసుకుని కిందికి దిగాడు.

"పాచికలట," అన్నాడు వంటింటి గుమ్మానికి ఆనుకుని. "మన చిన్నది. పాచికలు."

తల్లి కళ్లద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకుంటోంది. ఆవిడకి అదో అలవాటు. కళ్లద్దాల షాపులో పని, రోజంతా పరాయివాళ్ల అద్దాలు తుడవడమే. ఇంట్లో మనసు బాగుండకపోతే సొంత అద్దాలు తుడుస్తుంది.

"ఇంకా ఏమందేమిటి?"

"చాలా అంది. అన్నీ చెబితే నువ్వు మేడెక్కుతావు. ఎందుకులే."

చిన్నది బల్ల దగ్గర కూర్చుని రొట్టె ముక్కని టీలో ముంచుతోంది. తల ఎత్తలేదు.

"కళ్లు మూసుకోమని నేనెప్పుడన్నాను? కళ్లు తెరిచి చూసి ఒకదాన్ని కొట్టేయమన్నాను. ఆ మాట ఎవరూ మోసుకురారేం?"

"చెప్పుకోవడానికి బాగుండదుగా," అన్నాడు పెద్దాడు. "పాచికలైతే రుచిగా ఉంటుంది."

ముందు గదిలో పేపరు తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది. అంటే మాస్టారు వింటున్నాడన్నమాట.

పరీక్ష అయిన నాటి నుంచీ ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడుకోవడం లేదని కాదు, మునుపటికంటే ఎక్కువే మాట్లాడుకుంటున్నారు. కాకపోతే మధ్యలో తల్లిని నిలబెట్టి, ఆవిడ ముఖం మీదుగా విసురుకుంటున్నారు. పాపం ఆవిడ కూర కలుపుతూ ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిరిగేసరికి మెడ పట్టేసింది.

మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మడిచిన పేపరు.

"మీ అమ్మాయితో చెప్పు. పది గంటలకి హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటికి వస్తున్నారు. ఆవిడ తెచ్చే కాగితం మీద నోరెత్తకుండా సంతకం పెట్టమను."

"విన్నానమ్మా," అంది చిన్నది. "ఆ కాగితంలో ఏం రాసుందో మీ ఆయన్ని అడుగు."

"క్షమాపణ రాసుందని చెప్పు."

"దేనికి క్షమాపణో అడుగు."

"క్లాసు మొత్తాన్ని నాశనం చేసినందుకని చెప్పు!"

తల్లి గరిటె కింద పెట్టింది. "నా మొగుణ్ణి నీకూ, నా కూతుర్ని ఆయనకీ నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఎదురెదురుగానే ఉన్నారు. నేను పక్కకి తప్పుకుంటాను, మీరే పడండి."

తప్పుకుంది. దాంతో ఇద్దరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అడ్డుగోడ పడిపోయిన పెరళ్లలా ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

మాస్టారిని బళ్లో అందరూ వదిలెయ్ మాస్టారు అంటారు. వెనకాల అనుకునే పేరే అయినా ఆయనకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. బడి ఆఖరి ఏడాది పిల్లలు రాసే ఆ పెద్ద పరీక్షలో ప్రతి ప్రశ్నకీ అయిదు జవాబులుంటాయి, ఒకటే సరైనది. సరిగ్గా పెడితే ఒక మార్కు, తప్పు పెడితే పావు మార్కు కోత, ఖాళీగా ఉంచితే ఏమీ లేదు. ఆ పావు మార్కంటే మాస్టారికి పాముని చూసినంత భయం. ప్రతి ఏడూ మొదటిరోజు బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, "అనుమానమా? వదిలెయ్!" అంటాడు. "సున్నా గుండ్రంగా, గౌరవంగా ఉంటుంది. దానికంటే కిందికి పోతే మనిషికి తలకాయ ఉండదు." పిల్లలు నవ్వుతారు. నవ్వుతూనే నేర్చుకుంటారు.

ఆ మాట బళ్లోనే ఉండిపోతే ఇంత గొడవ ఉండకపోను. అది మాస్టారి వెంట సంచీలో ఇంటికి కూడా వచ్చేది. కుళాయి కారుతోందంటే వదిలెయ్. తమ్ముడు పొలం గట్టు జరిపాడంటే వదిలెయ్. షాపువాళ్లు పెద్ద ఊరి షాపులో పై ఉద్యోగం ఇస్తామన్నారండీ అని పెళ్లాం సంతోషంగా చెప్పిన రోజు కూడా, "అక్కడ కుదురుతుందో కుదరదో, అనుమానమే కదా, వదిలెయ్" అన్నాడు. ఆవిడ వదిలేసింది. కుళాయి ఇప్పటికీ కారుతోంది.

"నేను ఎవర్నీ నాశనం చెయ్యలేదు నాన్నా," అంది చిన్నది, ఈసారి నేరుగా. "లెక్క చెప్పాను. నువ్వు చెప్పాల్సింది నేను చెప్పాను."

"ఏమిటే నువ్వు చెప్పిన లెక్క?"

"నీకు తెలీదా?"

"నీ నోటితో చెప్పు వింటాను."

చిన్నది రొట్టెని నాలుగు ముక్కలు చేసింది. అలవాటుగా చేసిందో, కావాలని చేసిందో.

"ఏమీ తెలియక గుడ్డిగా పెట్టామనుకో. అయిదింట్లో ఒకటి తగులుతుంది, ఒక మార్కు. నాలుగు తప్పుతాయి, నాలుగు పావులు పోతాయి. సరికి సరి. లాభం లేదు, నష్టమూ లేదు. అదే, ఒక్కటంటే ఒక్క జవాబు ఇది కాదు అని గట్టిగా కొట్టేయగలిగామనుకో, మిగిలేవి నాలుగు. ఒకటి తగిలితే మార్కు, మూడు తప్పితే ముప్పావు. పావు మనకి మిగిలింది." ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. "అందుకని గేటు దగ్గర చెప్పాను. ఒక్కటి కూడా కొట్టేయలేకపోతే మీ ఇష్టం, ఒకటి కొట్టేయగలిగితే మాత్రం వదలకండర్రా అని. ఇదే నేను ఆడించిన పాచికలాట."

"ప్రతిసారీ తగులుతుందని రాసిచ్చారా నీకు?"

"ప్రతిసారీ తగలదు. అన్నీ కలిపి చూస్తే తగులుతుంది. ఆ పావు మార్కు మనల్ని బెదరగొట్టడానికి పెట్టలేదు నాన్నా. గుడ్డిగా పెట్టేవాడికి ఉత్తపుణ్యానికి మార్కులు రాకుండా సరిచెయ్యడానికి పెట్టారు. నువ్వే ఊరికే బెదిరిపోయి, మమ్మల్నందర్నీ బెదరగొట్టావు."

మాస్టారి ముఖం కందిపోయింది. "తెలియనిదాన్ని తెలిసినట్టు పెట్టడం అబద్ధం కాదూ?"

"సగం తెలిసినదాన్ని అసలు తెలియనట్టు వదిలేయడం మాత్రం నిజమా?"

తల్లి కళ్లద్దాలు మళ్లీ తీసింది. ఆ మాట ఎక్కడిదో ఆవిడకి తెలుసు. బడి అయ్యాక ఈ పిల్ల షాపులో వెనకాల స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. ఎదురుగా గోడకి అక్షరాల అట్ట, ఆ అట్ట కింది వరుసలు చదవలేక నోరు మూసుకుని కూర్చునే జనం. "మసగ్గా కనిపించినా చెప్పండి, తప్పయినా పరవాలేదు," అని తల్లి రోజూ ఎంతమందితో అనేదో లెక్కలేదు. తప్పవుతుందేమోనని సిగ్గుపడి నోరు విప్పనివాళ్లకి అక్కర్లేనంత మందం అద్దాలు పడతాయి. ఇంటికెళ్లి తలనొప్పి అని మళ్లీ వస్తారు. అది చూసి చిన్నది ఒకరోజు నవ్వింది. "అమ్మా, నాన్న వస్తే నీ అట్ట మీద పై అక్షరం ఒక్కటి చదివి మిగతావి వదిలేస్తాడు కదూ" అని. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు తిరిగి తిరిగి ఇక్కడ తేలుతుందని ఎవరనుకున్నారు?

"ఇప్పుడు వాదన అనవసరం," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "నడవడిక సర్టిఫికెట్ మీద హెడ్‌మిస్ట్రెస్ గారి సంతకం పడాలి. అది లేకుండా నిన్ను ఏ కాలేజీ గుమ్మం ఎక్కనివ్వదు. నువ్వు ఆవిడ కాగితం మీద పెడితే ఆవిడ నీ సర్టిఫికెట్ మీద పెడుతుంది. ఒక్క సంతకం. పెట్టేసి వదిలెయ్."

"చూశావా," అంది చిన్నది తల్లితో. "వచ్చేసింది."

లేచి వెళ్లిపోయింది. రొట్టె ముక్కలు మూడూ పళ్లెంలోనే ఉన్నాయి.

మాస్టారు పెరట్లోకి వెళ్లి గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి తల్లికి కనిపిస్తున్నాడు. నురగ పూసుకున్న మనిషి అద్దంలోకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. పావు, ముప్పావు, పావు. బ్లేడు గాల్లో ఆగిపోతోంది. మళ్లీ మొదట్నుంచి. ముప్పయ్యేళ్లుగా ఆ పెదాలని చూస్తున్న మనిషి ఆవిడ. లెక్క కుదిరితే అవి ఎలా మూసుకుంటాయో తెలుసు. మూసుకున్నాయి. దవడ కింద చిన్న గాటు పడింది.

పెద్దాడు టీ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. "అమ్మా, నేను బయల్దేరాలి. పైన ఆవిడ సంతకం ఒకటుండిపోయింది, అది పట్టుకుని పోతాను."

తల్లి గ్లాసు అందించి వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్యా గ్లాసు ఆగింది.

"ఒరే, ఒకటి అడుగుతాను. నీ పరీక్షలో నువ్వు వదిలేసినవి ఉన్నాయి చూడు. అవి నిజంగా ఏమీ తెలియకే వదిలేశావా?"

పెద్దాడు ఆవిడ వంక చూసి నవ్వాడు. సంతోషం లేని నవ్వు, మర్యాదకి నవ్వేది.

"చిన్నదీ ఇదే అడిగింది. పరీక్ష ముందురోజు. బండి కడుగుతుంటే వచ్చి కూర్చుని, అన్నయ్యా నువ్వు వదిలేసినవాటిల్లో ఎన్ని జవాబులు కొట్టేయగలిగావు అని."

"ఏం చెప్పావు?"

"నిజమే చెప్పాను. దాదాపు అన్నిట్లోనూ రెండే మిగిలాయమ్మా. ఇదా, అదా అని రెండు. చెయ్యి గుండ్రం దాకా వెళ్లేది. నాన్న గొంతు వినిపించేది. తీసేసుకునేవాణ్ణి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"అప్పుడు గొప్పగా ఉండేదిగా." గ్లాసు లాక్కుని ఊదుకున్నాడు. "సీటు రాకపోతేనేం, బళ్లో నాన్న నా గురించే చెప్పేవాడు. ఒక్క తప్పూ లేని పేపరు అని. ఇప్పటికీ చెబుతున్నాడట. కిందటివారం ఒక ఇంటికి పార్సిలు తీసుకెళ్తే అక్కడి పిల్లాడు, మీరేనా అన్నా ఆ ఒక్క తప్పూ లేని ఆయన, అన్నాడు. నేనే అన్నట్టు తలూపి చీటీ మీద సంతకం పెట్టించుకుని వచ్చాను."

ఆవిడకి సీటు ఎంతలో పోయిందో తెలుసు. రెండు మార్కుల్లో. ఆ రోజు మాస్టారు, "పోనీలే, తలెత్తుకుని ఓడిపోయాడు నా కొడుకు" అన్నాడు. ఆవిడ కూడా నమ్మింది. నమ్మి, బంధువులకి అదే చెప్పింది.

"చిన్నది ఏమంది నువ్వు చెప్పాక?"

"ఏమీ అన్లేదు. గుడ్డ తీసుకుని నాతోపాటు బండి తుడిచింది. ఆ మర్నాడే గేటు దగ్గర..." చెయ్యి ఊపాడు. "నా వల్లే అమ్మా ఇదంతా. దాన్ని సంతకం పెట్టేయమను. దాని చదువైనా సాగనీ."

తల్లి పళ్లెంలోని మూడు రొట్టె ముక్కలూ గిన్నె కింద మూతపెట్టింది. పారెయ్యబుద్ధి కాలేదు.

హెడ్‌మిస్ట్రెస్ చెప్పిన వేళకే వచ్చింది. ఒంటరిగా వస్తుందనుకున్నారు. వెనకాలే మేడమీదావిడ కూడా దిగబడింది, "నేను ఊరికే వచ్చానమ్మా, మేడం గారి చెప్పుల చప్పుడు వినిపిస్తేనూ" అంటూ. ఊరికే వచ్చిన మనిషి కుర్చీ వెతుక్కుని మంచి కుర్చీలోనే కూర్చుంది. మాస్టారు నిలబడ్డాడు. సొంత ఇంట్లో పై అధికారి ముందు ఎలా నిలబడాలో ఆయనకి తెలిసినట్టు లేదు, గోడకి వేలాడేసిన చొక్కాలా ఉన్నాడు.

"నాకు మీ అమ్మాయి మీద కోపం లేదు," అంది హెడ్‌మిస్ట్రెస్. నిజంగానే లేదు. కళ్ల కింద నలుపు, నిద్ర చాలని మనిషి. "కానీ రోజూ పొద్దున్నే నా గది ముందు తల్లులు నిలబడుతున్నారు. కోత పడుతుందని ఏడుస్తున్నారు. నేను వాళ్లకి ఏదో ఒకటి చూపించాలి కదా?"

"మావాడైతే అన్నం తినడం లేదు మేడం," అంది మేడమీదావిడ.

"రెండు వేయించిన గుడ్లు తిన్నాడు పిన్నిగారూ, వాసన వచ్చింది," అంది చిన్నది గదిలోంచి వస్తూ.

"అన్నం అన్నానమ్మా నేను!"

"సరే. మామూలుగా మీవాడు పరీక్షలో ఎన్ని వదిలేస్తాడు?"

"సగం వదిలేస్తాడు. ఏం?"

"ఆ సగానికి ఎన్ని మార్కులొచ్చేవి?"

మేడమీదావిడ పైట సర్దుకుంది.

"చాలు," అంది హెడ్‌మిస్ట్రెస్. సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఫలితాలు వచ్చాక నీ మాట విన్నవాళ్లలో ఎవరికైనా మార్కులు తగ్గితే?"

చిన్నది బల్ల మీది కాగితం వంక చూసింది. "కొందరికి తగ్గుతాయి మేడం. దెబ్బ తగిలేవాళ్లు ఉంటారు. వాళ్లు నన్ను తిడతారు, నేను పడతాను. కానీ ఎక్కువమందికి పెరుగుతాయి. వాళ్లెవరూ మీ గది ముందు వచ్చి నిలబడరు."

"మొండిఘటం," అన్నాడు మాస్టారు మెల్లగా. తిట్టాడో మరేం చేశాడో ఆయనకే తెలియాలి.

హెడ్‌మిస్ట్రెస్ కలం అందించింది. చిన్నది తీసుకుంది. బల్ల ముందు కూర్చుంది. మూత విప్పింది. మాస్టారు ఊపిరి వదిలాడు. మేడమీదావిడ మెడ సాచింది. పిల్ల కాగితం మొత్తం చదివింది, కింద సంతకం పెట్టే గీత మీద కలం మొన ఆనించింది, ఆలోచించింది. తర్వాత మూత బిగించి కలం కాగితం పక్కన పెట్టేసింది.

"ఏమిటిది?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"వదిలేశాను మేడం."

"ఏం?"

"అనుమానం ఉంటే వదిలెయ్యమని మా నాన్న చెప్పారు. ఖాళీ వదిలితే మార్కు పోదుగా."

మేడమీదావిడ కిసుక్కున నవ్వి, నవ్వకూడని చోట నవ్వానని గుర్తొచ్చి దగ్గులోకి మార్చింది. తల్లి తల తిప్పుకుంది. మాస్టారి ముఖాన నెత్తుటి చుక్క లేదు, దవడ కింద గాటు దగ్గర తప్ప.

హెడ్‌మిస్ట్రెస్ మాత్రం నవ్వలేదు. "మార్కు పోదమ్మా. సర్టిఫికెట్ పోతుంది."

కారే కుళాయి ఒక్కటే తన పని తాను చేసుకుంటోంది.

"మైనరు కదా, తల్లి పెట్టినా సరిపోతుంది," అంది హెడ్‌మిస్ట్రెస్ కాగితాన్ని ఇటు జరిపి. "మాస్టారు మా దగ్గరే పనిచేస్తారు, ఆయన పెడితే బాగుండదు. మీరు పెట్టండి. పిల్ల మొండితనానికి చదువు బలి కాకూడదు."

తల్లి కాగితం అందుకుంది. షాపులో అద్దం ఎత్తి చూసినట్టు వెలుతురుకి ఎత్తి చదివింది. మొదటి వరుస బాగానే ఉంది. రెండో వరుసలో తోటి విద్యార్థులను జూదమునకు ప్రోత్సహించినందుకు అని ఉంది. అక్కడ ఆగింది.

"ఈ జూదం అనే మాట ఎవరు రాశారు మేడం?"

"ఏదో ఒక మాట ఉండాలి కదా."

"షాపులో నేను రోజూ జనాన్ని, మసగ్గా కనిపించినా చెప్పమంటాను. చెబితేనే చూపు ఎంతుందో తెలుస్తుంది. అది జూదమైతే నేను ఇన్నేళ్లుగా ఆడిస్తున్నట్టే."

"కళ్లద్దాలూ పరీక్షలూ ఒకటేనా అమ్మా?"

"కావులెండి," అంది తల్లి. ఒప్పేసుకుంది. అయినా కలం ముట్టుకోలేదు. "నాకు పరీక్షల సంగతి తెలీదు. ఈ మాట కింద నా పేరు మాత్రం పెట్టను."

మాస్టారు దగ్గరికి వచ్చాడు. గొంతు గొణుగుడులోకి దిగింది. "ఎవరు చదువుతారు ఆ కాగితాన్ని? బీరువాలో పడుంటుంది. ఒక్క గీత గీసేసి వదిలెయ్."

"నేను వదిలినవి చాలండీ," అంది ఆవిడ. గట్టిగా అనలేదు. కుళాయి వంక చూసి అంది.

సరిగ్గా అప్పుడే పెద్దాడు పార్సిలు చీటీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. పైన తాళం చూసి దిగి వచ్చినట్టున్నాడు. "పిన్నిగారూ, ఇక్కడొక సంతకం," అని చీటీ చాపాడు. మేడమీదావిడ ఏమిటో ఎందుకో చూడకుండా గిలికి ఇచ్చేసింది. ఆ ఇంట్లో ఆ పూట పడిన సంతకం అదొక్కటే.

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలోంచి లేచింది. విసుగొచ్చేసింది ఆవిడకి.

"మాస్టారూ, మీరే తేల్చండి. లెక్కల మాస్టారు కదా. మీ అమ్మాయి గేటు దగ్గర చెప్పిన లెక్క తప్పా, ఒప్పా? తప్పంటే తప్పని ఇక్కడ అందరి ముందూ చెప్పండి, మీ ఆవిడ సంతకం పెడుతుంది. ఒప్పంటే ఒప్పని చెప్పండి, నా కాగితం నేను పట్టుకుపోతాను, రేపు ఆ తల్లులకి మీరే జవాబు చెప్పుకుందురు. రెంట్లో ఒకటి."

రెంట్లో ఒకటి. పెద్దాడు చీటీ మడుస్తున్నవాడల్లా ఆగి తండ్రి వంక చూశాడు.

మాస్టారి పెదాలు కదిలాయి. తల్లి ఆ పెదాలనే చూస్తోంది. పొద్దున్న అద్దం ముందు మూసుకున్నట్టే ఒక్కసారి మూసుకున్నాయి. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు. చిన్నదానికీ తెలుసు, అందుకే బల్ల అంచుని పిడికిట్లో పట్టుకుని నాన్న అని పిలవకుండా పిలుస్తోంది.

"లెక్క వేరు మేడం, పద్ధతి వేరు," అన్నాడు మాస్టారు చివరికి. "లెక్కలో ఏదైనా చూపించొచ్చు. పద్ధతి అనేది మనిషికి..."

"నేను అడిగింది లెక్క."

"పద్ధతి అంటే ఏమిటో చూపిస్తాను మేడం." ఆయన చూపు గదంతా తిరిగి గుమ్మం దగ్గర ఆగింది. ఆ ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. బళ్లో ప్రతి ఏడూ బోర్డు ముందు వచ్చే వెలుగే. చెయ్యి చాపి పెద్దాణ్ణి చూపించాడు. "అదుగో, మా పెద్దాడు. ఇదే బడి, ఇదే పరీక్ష. వాడికీ సీటు మీద ఆశ ఉంది, అయినా తెలియనిచోట చెయ్యి పెట్టలేదు. ఒక్క తప్పు లేదు మేడం వాడి పేపర్లో. ఒక్కటి! నా మాట కాదు, అడగండి వాణ్ణే. చెప్పరా, నువ్వు ఒక్క తప్పయినా చేశావా?"

పెద్దాడు చీటీని జేబులో పెట్టుకున్నాడు. బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒకటి చేశాను మేడం," అన్నాడు. "మా నాన్న మాట విన్నాను."